స్విచ్ తీశాక వచ్చే ఆ ‘ధబ్’: స్పీకర్ రిలే బోర్డు డైరీ

శనివారం

ఆంప్లిఫయర్ పాతది. పవర్ ఆంప్‌లో చిప్పులు లేవు, అంతా విడి ట్రాన్సిస్టర్లే. 25-0-25 ట్రాన్స్‌ఫార్మర్, ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్‌ల ఫిల్టర్ కెపాసిటర్, ప్లస్ మైనస్ 35 వోల్టుల సప్లయి. అదే పెట్టెలో ఒక చిన్న ప్రీ ఆంప్ బోర్డు (పవర్ ఆంప్‌కు ముందు సిగ్నల్‌ను సిద్ధం చేసేది), దానికి 24 వోల్టుల సింగిల్ సప్లయి. పాట బాగానే పాడుతుంది. కానీ ఆన్ చేయగానే ఒకసారి, ఆఫ్ చేశాక ఇంకోసారి ఊఫర్ కోను అదిరిపడుతుంది. స్పీకర్‌కు, ఆంప్‌కు మధ్య రిలే (కాయిల్‌లో కరెంటు పారితే కాంటాక్టులను కలిపే స్విచ్) పెట్టి ఆలస్యంగా కలపడం దీనికి అందరూ చెప్పే మందు. ఆ మందు ఆన్ చేసేటప్పటి ధబ్‌కు పూర్తిగా పనిచేస్తుంది. ఆఫ్ చేసేటప్పటిది అంత తేలిగ్గా పోదు. అందుకే ముందు రెండింటినీ కొలిచి చూడాలనుకున్నాను.

కొలతకు స్పీకర్ పెట్టలేదు. 8 ఓమ్‌ల వైరుచుట్ట రెసిస్టర్‌ను డమ్మీ లోడుగా పెట్టి, దాని మీద ఆసిల్లోస్కోపు తగిలించాను. మరమ్మతు బల్ల మీద ఏ ఆంప్‌నైనా సీరీస్ బల్బుతోనే (మెయిన్స్ దారిలో ఒక బల్బు పెట్టి, కరెంటుకు పరిమితి వేస్తూ) ఆన్ చేయడం నా అలవాటు. ఈ కొలతకు మాత్రం బల్బు తీసేయాల్సిందే. బల్బు ఉంటే సప్లయి మెల్లగా లేస్తుంది, ధబ్ సగానికి సగం మాయమైపోతుంది, మనం కొలిచేది ఆంప్‌ను కాదు, బల్బును.

మొదట పవర్ ఆంప్ ఒక్కటే, ఇన్‌పుట్ షార్టు చేసి. ఆన్ చేయగానే ఒక వోల్టు పైచిలుకు కుదుపు, మూడో వంతు సెకనులో సద్దుమణిగింది. ఇన్‌పుట్‌లోని డిఫరెన్షియల్ జత (రెండు సిగ్నళ్ళ తేడాను పెంచే రెండు ట్రాన్సిస్టర్లు), దాని కరెంటు సోర్సు కుదురుకునేలోపు రెండు సప్లయిలూ సరిగ్గా ఒకే వేగంతో లేవవు కదా, ఆ తేడా ఔట్‌పుట్‌లో కనిపిస్తుంది. ఈ మాత్రానికి కోను అంతలా ఎగరదు.

ప్రీ ఆంప్ కలిపాక అసలు సంగతి బయటపడింది. ఔట్‌పుట్ ఒక వైపుకు పూర్తిగా వెళ్ళి సప్లయికి అతుక్కుంది, తర్వాత మెల్లగా దిగుతూ 50 మిల్లీవోల్టుల లోపుకు రావడానికి ఏడెనిమిది సెకన్లు తీసుకుంది. అంటే ఆన్ చేసేటప్పటి ధబ్‌లో పెద్ద వాటా పవర్ ఆంప్‌ది కాదు. మూడు సెకన్ల ఆలస్యంతో దొరికే రెడీమేడ్ రిలే బోర్డు తెచ్చి పెట్టుంటే, ఈ దిగుడు మధ్యలో రిలే కలిసేది, ధబ్ కాస్త చిన్నదై మూడు సెకన్లు ఆలస్యంగా వినిపించేది.

ఇక ఆఫ్. స్విచ్ తీశాక దాదాపు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత, సప్లయి 6 వోల్టుల దగ్గరికి దిగినప్పుడు, ఔట్‌పుట్ మైనస్ వైపు రెండున్నర వోల్టులు కుంగి మళ్ళీ లేచింది. ఆ మూడు సెకన్ల లెక్క సరిపోతోంది: పాట లేకుండా నిశ్చలంగా ఉన్నప్పుడు ఈ ఆంప్ ఒక్కో సప్లయి నుంచి సుమారు 100 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, 10,000 మైక్రోఫారడ్ మీద అది సెకనుకు 10 వోల్టుల పతనం. 35 నుంచి 6కు రావడానికి మూడు సెకన్లు.

శనివారం రాత్రి, ప్రీ ఆంప్ బోర్డు

రిలే జోలికి పోకముందే ఏడెనిమిది సెకన్లను తగ్గించాలి. సింగిల్ సప్లయి ప్రీ ఆంప్‌లో ఆప్ ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిన్న చిప్పు) ఔట్‌పుట్ 12 వోల్టుల మీద కూర్చుంటుంది. ఆన్ చేసిన ప్రతిసారీ సున్నా నుంచి 12కు ఎక్కాలి, ఆ ఎక్కుడంతా 10 మైక్రోఫారడ్‌ల కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి సిగ్నల్‌ను మాత్రం పంపేది) దాటి పవర్ ఆంప్‌కు సిగ్నల్‌లాగే కనిపిస్తుంది. పవర్ ఆంప్ దాన్ని 22 రెట్లు చేస్తుంది. ఆప్ ఆంప్ ఎక్కడం అయిపోయినా కథ అయిపోదు: కప్లింగ్ కెపాసిటర్ తర్వాత భూమికి ఉన్న 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా అది నింపుకోవడానికి ఇంకా టైం పడుతుంది. పది మైక్రోఫారడ్, వంద కిలో ఓమ్ అంటే ఒక సెకను టైం కాన్‌స్టెంటు (మిగిలిన తేడాలో సుమారు మూడింట రెండు వంతులు తగ్గడానికి పట్టే టైం). పవర్ ఆంప్ ఇన్‌పుట్‌లోని 4.7 మైక్రోఫారడ్‌ను కూడా కలుపుకుంటే ఒకటిన్నర సెకను. 12 వోల్టులు మిల్లీవోల్టుల స్థాయికి దిగాలంటే అలాంటివి ఎన్నో గడవాలి.

100 కిలో తీసి 22 కిలో పెట్టాను. బాస్‌కు నష్టమేమీ లేదు, 10 మైక్రోఫారడ్‌తో కటాఫ్ ఒక హెర్ట్జ్ కిందే ఉంటుంది. మళ్ళీ కొలిస్తే మూడున్నర సెకన్లు. ఇక మిగిలింది 12 వోల్టుల బయాస్‌ను వడకట్టే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ నెమ్మదితనం. దాన్ని చిన్నది చేస్తే సప్లయి హమ్ లోపలికి వస్తుంది. అది అలాగే ఉండనిచ్చాను.

రిలే ఆలస్యం ఇంత ఉండాలని ఎక్కడో చదివి పెట్టుకునే అంకె కాదు. పెట్టెలో అన్నిటికంటే నెమ్మదిగా కుదురుకునే కెపాసిటర్ ఏదో దాన్ని పట్టుకుని, దాని మీద కొంత మిగులు వేసుకోవాలి. నాకు ఐదు సెకన్లు.

ఆదివారం, కాగితం మీద

ఎన్‌ఈసీ వాళ్ళ మైక్రో పీసీ 1237 అనే ఎనిమిది కాళ్ళ చిప్పు సరిగ్గా ఈ పనికే చేసింది. ఆలస్యం, డీసీ కాపలా (ఔట్‌పుట్‌లో డీసీ వస్తే స్పీకర్‌ను విడదీయడం), ఏసీ పోయిందని పసిగట్టడం, అన్నీ అందులోనే ఉంటాయి. ఎన్నో ఆంప్లిఫయర్లలో కనిపిస్తుంది. చేతిలో అది లేదు, ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. పైగా విడి భాగాలతో కడితే ఏ అంకె ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

రిలే 24 వోల్టులది, రెండు జతల కాంటాక్టులు, కాయిల్ 1100 ఓమ్‌లు. అంటే 22 మిల్లీ ఆంపియర్లు. 35 వోల్టుల నుంచి నడపాలి కాబట్టి 470 ఓమ్‌ల రెసిస్టర్ సీరీస్‌లో. అది పావు వాటు వేడి తీసుకుంటుంది, ఒక వాటుది పెడితే చల్లగా ఉంటుంది.

ఆలస్యానికి: 470 కిలో ఓమ్‌ల గుండా 47 మైక్రోఫారడ్ నిండుతుంది. అక్కడి నుంచి 6.2 వోల్టుల జీనర్ డయోడ్ (ఆ వోల్టేజి దాటాకే కరెంటును పోనిచ్చేది), ఆ తర్వాత బీసీ 546, బీడీ 139 ట్రాన్సిస్టర్ల డార్లింగ్‌టన్ జత (ఒకటి ఇంకోదాన్ని నడిపే జత). జీనర్, రెండు బేస్ జంక్షన్లు కలిపి 7.4 వోల్టుల దగ్గర రిలే కలుస్తుంది. 35 వోల్టుల వైపు ఎక్కుతున్న కెపాసిటర్ 7.4 చేరేది టైం కాన్‌స్టెంటులో నాలుగో వంతు కన్నా కాస్త ముందే. 22 సెకన్లలో ఆ వంతు, 5.2 సెకన్లు. బీసీ 547 కూడా దొరుకుతుంది కానీ అది 45 వోల్టులది, 546 అయితే 65. కాయిల్ తిరగతన్నే వోల్టేజి కూడా కలుస్తుంది కాబట్టి 546 మీదే నిలిచాను.

ఇప్పుడు ఆఫ్ సంగతి. ఇంతవరకు గీసిన సర్క్యూటుకు స్విచ్ తీసిన సంగతి తెలిసే దారే లేదు. దానికి కనిపించేది ఫిల్టర్ కెపాసిటర్ మీది 35 వోల్టులు మాత్రమే, అది మూడు సెకన్ల పాటు మెల్లగా దిగుతుంది. 24 వోల్టుల రిలే 24 కన్నా తగ్గగానే వదిలేస్తుందని అనుకుంటారు. అలా కాదు. లాక్కోవడానికి దానికి 18 వోల్టుల చిల్లర కావాలి గానీ, ఒకసారి లాక్కున్నాక కాయిల్ మీద రెండు మూడు వోల్టులున్నా పట్టుకునే ఉంటుంది. సీరీస్ రెసిస్టర్ లెక్క కలిపితే సప్లయి 4 వోల్టులకు వచ్చేదాకా వదలకపోవచ్చు. ఆంప్ ధబ్ కొట్టేది 6 వోల్టుల దగ్గర. అంటే రిలే ధబ్‌ను స్పీకర్‌కు దగ్గరుండి అప్పగించి, ఆ తర్వాత తలుపు వేస్తుంది.

కాబట్టి వార్త ఫిల్టర్ కెపాసిటర్ల కన్నా ముందు నుంచే రావాలి, అంటే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు నుంచి నేరుగా. ఒక 1ఎన్4007 డయోడ్‌ను తిప్పి పెట్టి, నెగెటివ్ సగాలతో ఒక మైక్రోఫారడ్ చిన్న కెపాసిటర్‌ను మైనస్ 34 దాకా నింపుతాను. అక్కడి నుంచి 33 కిలో ఓమ్‌లు ఒక బీసీ 546 బేస్‌కు. అదే బేస్‌కు ప్లస్ 35 నుంచి 100 కిలో ఓమ్‌లు. ఏసీ ఉన్నంతసేపు మైనస్‌దే పైచేయి, ట్రాన్సిస్టర్ ఆఫ్. ఏసీ పోగానే చిన్న కెపాసిటర్ ఖాళీ అవుతుంది, అది మైనస్ 11 దాటి పైకి రాగానే ప్లస్ గెలుస్తుంది. ట్రాన్సిస్టర్ ఆన్ అయి 100 ఓమ్‌ల గుండా 47 మైక్రోఫారడ్‌ను కిందికి లాగేస్తుంది. బేస్ మరీ మైనస్‌కు పోకుండా ఒక 1ఎన్4148 డయోడ్ అడ్డం. బేస్ ఎమిటర్ జంక్షన్ ఎదురు దిశలో ఐదారు వోల్టులకు మించి ఓర్చుకోదు.

33 కిలో, ఒక మైక్రోఫారడ్ అంటే 33 మిల్లీ సెకన్లు. చివరి నెగెటివ్ శిఖరం నుంచి సుమారు 38 మిల్లీ సెకన్లకు వార్త అందుతుంది. 50 హెర్ట్జ్‌లో శిఖరానికీ శిఖరానికీ మధ్య 20 మిల్లీ సెకన్లే, అంతలో అది 19 వోల్టుల దాకా మాత్రమే దిగుతుంది కాబట్టి ఊరికే తొణకదు. నిశ్చలంగా ఉన్న ఆంప్‌లో 38 మిల్లీ సెకన్లకు సప్లయి అర వోల్టు కూడా పడదు.

ఆదివారం సాయంత్రం, బోర్డు మీద

డీసీ కాపలా కూడా ఇందులోనే కలిపేశాను. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్టయితే 35 వోల్టులూ స్పీకర్ మీద పడతాయి. 8 ఓమ్‌ల స్పీకర్ వాయిస్ కాయిల్ డీసీకి ఆరు ఓమ్‌లే, అంటే 200 వాట్లు, అదీ కోను కదలక గాలి ఆడని స్థితిలో. రిలే ఎలాగూ ఉంది, ఆ పని కూడా దానితో చేయించకపోతే వృథా.

రెండు ఛానెళ్ళ ఔట్‌పుట్‌ల నుంచి చెరో 47 కిలో ఓమ్ ఒకే చోటికి. అక్కడి నుంచి భూమికి 100 మైక్రోఫారడ్‌లవి రెండు, మైనస్‌లు ఎదురెదురుగా. ప్లస్ డీసీని మామూలు ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ చూసుకుంటుంది. మైనస్‌ను చూసేది బేస్ భూమికి, ఎమిటర్ ఈ చోటికి కలిపిన ఇంకో ఎన్‌పీఎన్. రెండో దానికి కరెంటు గెయిన్ లేదు, లోపలికి వచ్చినంతే బయటికి. అందుకని రెండు కలెక్టర్లనూ 22 కిలో గుండా ఒక బీసీ 556 (పీఎన్‌పీ ట్రాన్సిస్టర్) బేస్‌కు కలిపి, ఆ పీఎన్‌పీ చేత 4.7 కిలో గుండా ఏసీ కాపలా ట్రాన్సిస్టర్ బేస్‌నే ఎత్తించాను. పీఎన్‌పీ బేస్‌కు, ఎమిటర్‌కు మధ్య ఒక 100 కిలో.

బాస్‌కు తొణకకూడదు కాబట్టి లెక్క చూశాను: రెండు ఛానెళ్ళలోనూ 28 వోల్టుల శిఖరంతో 20 హెర్ట్జ్ వచ్చినా ఆ చోట 0.2 వోల్టుకు మించదు, ట్రాన్సిస్టర్ మేల్కొనడానికి 0.6 కావాలి. 35 వోల్టుల డీసీ వస్తే మాత్రం 40 మిల్లీ సెకన్లలో దొరికిపోతుంది.

పరీక్షకు ఆంప్‌ను తగలబెట్టక్కర్లేదు. ఒక ఛానెల్ వైరు తీసి అక్కడ బ్యాటరీ పెట్టాను. 9 వోల్టులతో ఏ దిశలోనైనా రిలే టక్కున వదిలింది. ఒక్క 1.5 వోల్టుల సెల్లుతో ప్లస్ దిశలో ఒకటి రెండు సెకన్లు ఆలోచించి వదిలింది, తిప్పి పెడితే వదల్లేదు. రెండు సెల్లులు కలిపితే రెండు దిశల్లోనూ వదిలింది. ఇంకో ఛానెల్ 47 కిలో భూమికి కలిసి ఉన్నట్టే కాబట్టి వచ్చిన వోల్టేజి సగమే ఆ చోటికి చేరుతుంది, మైనస్ వైపు ఇంకొంచెం మొద్దు. వోల్టున్నర డీసీ వాయిస్ కాయిల్‌లో అర వాటు కూడా కాదు. ఈ మాత్రం అసమానతకు ఇంకో ట్రాన్సిస్టర్ దండగ.

కాంటాక్టుల కలుపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కామన్ అనేది కదిలే కాంటాక్టు: రిలే లాక్కున్నప్పుడు అది ఎన్‌ఓకు, వదిలినప్పుడు ఎన్‌సీకి కలుస్తుంది. ఆంప్‌ను కామన్‌కు, స్పీకర్‌ను ఎన్‌ఓకు కలిపి ఎన్‌సీని ఖాళీగా వదిలేయడం చాలా బోర్డుల్లో కనిపిస్తుంది. ధబ్ వరకు అది చాలు. కానీ డీసీ ఫాల్టులో రిలే తెరుచుకునేటప్పుడు కాంటాక్టుల మధ్య ఆర్క్ లేస్తుంది. ఏసీ అయితే అర సైకిల్‌కోసారి సున్నాకు వచ్చి ఆర్క్ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, 35 వోల్టులు, ఆరు ఆంపియర్ల దగ్గర చిన్న రిలే ఖాళీలో ఆర్క్ అలాగే నిలబడిపోవచ్చు. రిలే మీద 10 ఆంపియర్లు అని ఉంటుంది, పక్కనే 30 వోల్టుల డీసీ అని కూడా ఉంటుంది, ఆ రెండోది చాలామంది చూడరు. నేను స్పీకర్‌ను కామన్‌కు, ఆంప్‌ను ఎన్‌ఓకు, ఎన్‌సీని భూమికి కలిపాను. ఆర్క్ ఆరకపోయినా అది ఆంప్ నుంచి భూమికి దారి చేస్తుంది, స్పీకర్ షార్టయి సురక్షితంగా ఉంటుంది, సప్లయి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు పోతే పోనీ.

ఒక్క హెచ్చరిక. బ్రిడ్జి పద్ధతిలో (స్పీకర్ రెండు వైర్లనూ చెరో ఆంప్ నడిపే పద్ధతి) నడిచే ఆంప్‌లకు ఈ కలుపు పనికిరాదు. వాటి స్పీకర్ వైర్లలో ఏదీ భూమి కాదు, సింగిల్ సప్లయి వాటిలో రెండూ సగం సప్లయి మీద ఉంటాయి. వాటిలో రెండు వైర్లనూ విడదీయాలి, ఎన్‌సీ ఖాళీగానే ఉండాలి. నిజానికి చిప్ ఆంప్‌లైతే ముందు వాటి మ్యూట్ కాలు చూడాలి. టీడీఏ 7294కు తొమ్మిదో కాలు స్టాండ్‌బై, పదోది మ్యూట్. టీపీఏ 3116 లాంటి క్లాస్ డీ చిప్పుల్లో సప్లయి తీసేముందే షట్‌డౌన్ కాలును కిందికి లాగితే ధబ్ దాదాపు ఉండదు. ధబ్ వరకైతే ఇక్కడి ఏసీ కాపలా ముక్క ఒక్కటి చాలు వాటికి, రిలేనే అక్కర్లేదు.

మంగళవారం, రిలే ఎంత తొందరగా వదులుతుంది

కాంటాక్టు గుండా 5 వోల్టులు పంపి, ట్రాన్సిస్టర్ ఆఫ్ అయిన క్షణం నుంచి కాంటాక్టు విడిపోయే దాకా స్కోపు మీద చూశాను. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 ఒక్కటే ఉంటే సుమారు 9 మిల్లీ సెకన్లు. డయోడ్ ట్రాన్సిస్టర్‌ను కాపాడుతుంది కానీ కాయిల్‌లో కరెంటు దాని గుండా గుండ్రంగా తిరుగుతూ నెమ్మదిగా చస్తుంది. డయోడ్‌కు సీరీస్‌లో 12 వోల్టుల జీనర్ ఎదురుగా పెట్టగానే 4 మిల్లీ సెకన్లకు వచ్చింది. ట్రాన్సిస్టర్ మీద 48 వోల్టులు పడతాయి, 546కు అది లెక్క కాదు. ధబ్‌కు ఈ ఐదు మిల్లీ సెకన్లు ముఖ్యం కాదు. డీసీ ఫాల్టులో కాంటాక్టు మెల్లగా, బద్ధకంగా తెరుచుకుంటే ఆర్క్‌కు ఊతం, అందుకే పెట్టాను.

గురువారం, స్పీకర్లతో

ఆన్ చేశాను. ఐదు సెకన్ల తర్వాత టిక్, అంతే. పాట పెద్దగా పెట్టి స్విచ్ తీస్తే మధ్యలో కోసినట్టు ఆగిపోతుంది, తోక లేదు. తీసి వెంటనే వేసినా పూర్తి ఐదు సెకన్లు ఆగుతుంది, 47 మైక్రోఫారడ్‌ను ప్రతిసారీ అడుగంటా ఖాళీ చేస్తున్నాం కదా. ఇది లేని బోర్డులు గబగబా స్విచ్ వేసి తీస్తే దొరికిపోతాయి: కెపాసిటర్ సగం నిండే ఉంటుంది, ఆలస్యం సగమే.

ఒక ఇబ్బంది కనిపించింది. అదే లైను మీద పెద్ద మోటారు ఏదైనా ఆన్ అయినప్పుడు కరెంటు ఒక్క సైకిల్ కుంగితే చాలు, రిలే వదిలేసి పాట ఐదు సెకన్లు ఆగుతోంది. ఒక సైకిల్ మిస్సయితే శిఖరాల మధ్య 40 మిల్లీ సెకన్లు, మనం పెట్టిన గడువు 38. చిన్న కెపాసిటర్‌ను 2.2 మైక్రోఫారడ్ చేస్తే 85 మిల్లీ సెకన్లవుతుంది. నిశ్చలంగా ఉన్నప్పుడు ఆ లోపు పడేది ఒక వోల్టు లోపే. పెద్దగా పాడుతూ మూడు ఆంపియర్లు లాగుతున్నప్పుడైతే 25 వోల్టులు పడిపోతాయి, ఆ చివరి క్షణంలో పాట గరగరమంటుంది. మధ్యేమార్గంగా 1.5 మైక్రోఫారడ్ పెట్టాను, 57 మిల్లీ సెకన్లు. ఒక సైకిల్ కుంగుడును ఓర్చుకుంటోంది, ఆఫ్ చేసేటప్పుడు తేడా చెవికి తెలియడం లేదు.

ఇంకా మిగిలినది ‘చిట్’మనే ఒక సన్నని చప్పుడు, గదిలో వేరే స్విచ్‌లు తీసినప్పుడు కూడా అప్పుడప్పుడు వస్తుంది. దీనికి, ధబ్‌కు చుట్టరికం లేదు. ధబ్ నెమ్మదైన డీసీ కదలిక, కోను కంటికి కనిపించేలా కదులుతుంది. చిట్ అనేది స్విచ్ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పుట్టించే రేడియో గోల, వైర్ల మీదుగా లోపలికి వస్తుంది, కోను కదలదు. ఆంప్ సొంత స్విచ్ సంగతి తేలిక: ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి అడ్డంగా 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ సీరీస్‌లో పెడితే చాలా వరకు పోయింది. కెపాసిటర్ మీద ఎక్స్2 అని ఉండి తీరాలి. మామూలు 400 వోల్టుల డీసీ కెపాసిటర్‌ను మెయిన్స్‌కు అడ్డంగా పెట్టకూడదు, అవి షార్టయి కాలతాయి. ఎక్స్2 రకాన్ని ఆ చోటు కోసమే చేస్తారు.

గదిలోని మిగతా స్విచ్‌ల చిట్ ఆంప్ ఇన్‌పుట్ దగ్గరే దొరకాలి. ఇన్‌పుట్ సాకెట్ దగ్గర ఒక కిలో ఓమ్ సీరీస్‌లో, 220 పికోఫారడ్ భూమికి పెట్టి చూడాలి. అది వచ్చే వారం.

ఈ బోర్డు కాపలా కాయలేనిది ఒకటుంది: ఆంప్ ఆన్‌లో ఉండగా బయటి ప్లేయర్‌నో మిక్సర్‌నో ఆన్ చేయడం, ఆఫ్ చేయడం. అప్పుడు ధబ్ సిగ్నల్ వైరులోనే వస్తుంది, ఏసీ కాపలాకు అది కనిపించదు, డీసీ కాపలాకు అది పెద్ద బాస్ నోటులా ఉంటుంది. దానికి మందు వరుస పాటించడమే: ఆన్‌లో ప్లేయర్ ముందు, ఆంప్ చివర. ఆఫ్‌లో ఆంప్ ముందు, ప్లేయర్ చివర. ఆంప్ ముందు ఆపితే ఇప్పుడు 60 మిల్లీ సెకన్లలో స్పీకర్ విడిపోతోంది కాబట్టి, రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్‌తో తీసినా ఫర్వాలేదు. ఆన్‌లో కూడా ప్లేయర్ ఐదు సెకన్ల లోపు కుదురుకునేదైతే ఒకే స్విచ్ చాలు. నా ప్లేయర్ తెర వెలిగి, పాటల పట్టీ చూపించడానికి అంతకన్నా ఎక్కువే తీసుకుంటుంది, మధ్యలో దాని ఔట్‌పుట్ ఒకసారి చిన్నగా కుదుపుతుంది. 47 మైక్రోఫారడ్ పక్కన ఇంకో 47 కలిపితే పది సెకన్లు అవుతుంది. కలిపే చోటు బోర్డు మీద వదిలే ఉంచాను.